పద్నాలుగు నెలలు అతకని ఎముక

కరోనా తగ్గిన మరుసటి ఏడాది. శేరిలింగంపల్లిలో ఒక ఆస్పత్రి ఆపరేషన్ థియేటర్లో నేను స్టాఫ్ నర్సుని. ఒకరోజు ఓపీలో ఎముకల సర్జన్ శైలజ మేడమ్‌కి సాయంగా ఉన్నప్పుడు మల్లేశ్ చంకకర్రల మీద వచ్చాడు. ఐటీ టవర్ల అద్దాలను తాడుకు వేలాడుతూ తుడిచే మనిషి. మూసాపేటలో బైకు జారి మోకాలి కింది ఎముక విరిగింది. లోపల రాడ్ వేశారు గానీ, పద్నాలుగు నెలలైనా అతకలేదు. దీన్నే మేము నాన్‌యూనియన్ అంటాం.

“కాలు తీసేయాల్సొస్తదా మేడమ్?” అన్నాడు. పక్కన అతని భార్య సుగుణ తలెత్తలేదు.

“అంతదాకా రాలేదు. రాడ్ మార్చి, విరిగినచోట మీ తుంటి ఎముక ముక్కలతో పాటు బీఎంపీ పెడదాం. అదొక గ్రోత్ ఫ్యాక్టర్, ఎముకను కట్టే కణాలను పుట్టించే ప్రోటీన్.”

“గ్యారంటీయేనా?”

“తెలియదు మల్లేశ్. చాలామందికి పనిచేసింది. మీకు చేస్తుందో లేదో చెప్పలేను. బీడీ మాత్రం మానాలి, పొగ ఎముకను అతకనివ్వదు.”

ఇలా చెబితే ఎవరు ఒప్పుకుంటారు, అనుకున్నాను.

“ఇప్పటిదాంక అందరు గ్యారంటీ అన్నరు. తెల్వదన్నది మీరొక్కలే. జెయ్యుండ్రి.” మల్లేశ్ జేబులోని బీడీకట్ట తీసి సుగుణ చేతిలో పెట్టాడు.

థియేటర్లో మేడమ్ ఎముక చివర్లను రక్తం ఊరేదాకా చెక్కారు. పొడిగా వచ్చే బీఎంపీని నేను శుద్ధిచేసిన నీళ్లలో కలిపి, విరిగినచోట పెట్టే స్పాంజి మీద పోశాను. మందు స్పాంజికి పట్టడానికి పావుగంట ఆగాలి. పిండితే మందంతా కారిపోతుంది. అంత పెద్ద సర్జన్ చేతులు కట్టుకుని, గడియారం చూస్తూ ఒక్క నిమిషం తగ్గకుండా నిలబడ్డారు.

రెండు నెలల తర్వాత ఎక్స్‌రేలో ఏ మార్పూ లేదు. నేను నీరుగారిపోయాను. “ఈయన ఒక్క బీడీ ముట్టలే సిస్టర్, దేవుని తోడు” అంది సుగుణ. నాలుగో నెలలో మాత్రం విరిగినచోట పల్చని పొగమంచులా కొత్త ఎముక కనిపించింది. మేడమ్ ఫిల్మ్ మల్లేశ్‌కే చూపించారు. అతను దాన్ని వేలితో తడిమాడు.

ఏడాది తిరిగేసరికి చంకకర్రలు లేకుండా వచ్చాడు. “మొన్న తాడెక్కిన సిస్టర్. పైనుంచి మీ దవాఖాన కనవడ్తది!”

అంతకుముందు రోగులు ఏమడిగినా “ఏం కాదండి, తగ్గిపోతుంది” అనేసేదాన్ని. తెలియదని చెప్పి పక్కనే నిలబడితే వాళ్లు పారిపోరనీ, ఇంకాస్త దగ్గరికి జరుగుతారనీ మేడమ్, మల్లేశ్‌ల దగ్గరే నేర్చుకున్నాను.