మడతక్క మళ్లీ పనిలో చేరిన ఏడాది

ఆసుపత్రి లాండ్రీలో ఆమెను అందరూ మడతక్క అనేవాళ్లు. అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా వాడుకలో లేదు. ఆసుపత్రి కింద నేలమాళిగలో, ఆవిరి పైపుల మధ్య, ఇరవై ఒక్క ఏళ్లు దుప్పట్లు మడిచింది. ఆపరేషన్ గదికి వెళ్లే గుడ్డ ఒక తీరు, పిల్లల వార్డుకి వెళ్లేది ఇంకో తీరు. ఏ మడత ఎటు తిరగాలో చేతులకే తెలుసు, కళ్లతో పనిలేదు. భర్త ఇళ్లకి రంగులు వేసేవాడు. పెళ్లయిన ఆరో ఏట నిచ్చెన మీంచి పడి చనిపోయాడు. పిల్లలు లేరు. తమ్ముడి ఇంటి మేడ మీద ఒక గదిలో ఉండేది.

తమ్ముడు లారీల షెడ్డులో వెల్డరు. మరదల్ని లాండ్రీలో పెట్టించింది మడతక్కే. పెద్ద దుప్పటి ఇద్దరి పని. చెరో కొసా పట్టుకుని విదిలించి, ఒకరికెదురుగా ఒకరు నడిచి రావాలి. వదినా మరదళ్లు పన్నెండేళ్లు అలా నడిచారు. ఇంటి గొడవలన్నీ ఆ నడకలోనే తేలిపోయేవి. మరదలు మొగుడి గురక గురించి మొత్తుకుంటే, "నేను పెళ్లయ్యేదాకా భరించాను. ఇక నీ వంతు" అనేది మడతక్క.

మడతక్కకి ఒక్క విషయంలో మాత్రం నోరు చాలా కరుకు. ఉద్యోగం లేక ప్రభుత్వం ఇచ్చే భృతి తీసుకునేవాళ్ల మాట వస్తే ఊరుకునేది కాదు. "కాళ్లూ చేతులూ బాగున్న మనిషికి ఊరికే కూర్చుని తింటే ఎలా అరుగుతుందే? చేతికి చీపురిచ్చి వీధి ఊడ్పించి, అప్పుడివ్వండి" అనేది. టీ తాగేటప్పుడు ఎవరైనా కాదంటే గ్లాసు పక్కన పెట్టి మరీ వాదించేది. అది ఆమె మనస్ఫూర్తిగా నమ్మిన మాట.

ఆసుపత్రివాళ్లు లాండ్రీని ఒక కంపెనీకి కాంట్రాక్టుకిచ్చారు. పదిహేడు మందిలో కంపెనీ ఆరుగురిని ఉంచుకుంది. యాభై దాటినవాళ్లని ముందు పంపేసింది. మడతక్కకి యాభై రెండు. మరదలు మిగిలింది.

తర్వాత ఎనిమిది నెలలు మడతక్క ఎక్కని గడప లేదు. హోటళ్లు, బట్టల షాపులు, బడి హాస్టళ్లు అన్నీ తిరిగింది. ఎక్కడికెళ్లినా వయసు అడిగి, మోకాళ్ల వైపు ఒకసారి చూసి, కబురు చేస్తామనేవాళ్లు. కబురు ఎప్పుడూ రాలేదు. చివరికి భృతి ఆఫీసు వరసలో నిలబడింది. మొదటి రోజు కొంగు నెత్తిమీదికి లాక్కుని, గోడవైపు మొహం పెట్టి నిలబడింది. తను అన్న మాటలన్నీ ఆ వరసలో వాళ్లు విన్నారేమో అనిపించింది. ఆ రాత్రి అన్నం సయించలేదు.

అలాంటప్పుడు కొత్త నియమం వచ్చింది. భృతి కావాలంటే వారానికి నాలుగు రోజులు ఆఫీసు చెప్పిన చోట పనిచెయ్యాలి. మానేస్తే మూడు నెలలు భృతి ఆగిపోతుంది. టీవీలో వార్త విని తమ్ముడు అన్నాడు, "నువ్వు కోరిందే వచ్చిందిగా అక్కా."

"అవునురా. ఇక తలెత్తుకుని తీసుకుంటా" అంది ఆమె. నిజంగానే సంతోషపడింది.

ఆఫీసులో ఒక అమ్మాయి కంప్యూటర్ చూసి, "మీకు అలవాటైన పనే ఉందమ్మా. ఆసుపత్రి లాండ్రీ" అంది.

పసుపు రంగు కోటు ఒకటిచ్చారు. వీపు మీద 'భృతి సేవ' అని నల్లక్షరాలు. మడతక్క దాన్ని రాత్రే ఇస్త్రీ చేసి పెట్టుకుని, పొద్దున్న గంట ముందే వెళ్లింది. జీతం మీద పనిచేసేవాళ్లు నీలం కోట్లలో ఉన్నారు. మరదలు ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకుంది. "వచ్చావా వదినా. నువ్వు లేక పెద్ద దుప్పట్లన్నీ వంకర్లు పోతున్నాయి." ఆ రోజు ఇద్దరూ మళ్లీ ఎదురెదురుగా నడిచారు. మడతక్కకి ఒళ్లు తేలికపడ్డట్టు అనిపించింది.

పసుపు కోటు వేసుకున్నవాళ్లలో ఇంకో మనిషి ఉండేవాడు. నోరు మూతపడదని అతన్ని రేడియో అనేవాళ్లు. పెళ్లాం పోయాక నాలుగేళ్లు ఇంట్లో తలుపేసుకుని తాగుతూ కూర్చున్నాడట. "నన్ను ఆఫీసువాళ్లు బలవంతాన లాక్కొచ్చారక్కా. తిట్టుకుంటూనే వచ్చాను. ఇప్పుడు పొద్దున్నే గడ్డం గీసుకోవడానికి ఒక కారణం ఉంది. ఇది లేకపోతే ఈపాటికి చచ్చుండేవాణ్ణి" అనేవాడు. అతను అబద్ధం చెప్పడం లేదని చూస్తేనే తెలిసేది. మడతక్క అతనికి మడతలు నేర్పింది.

రెండో నెలలో పసుపు కోట్లు ఇద్దరి నుంచి ఆరుగురయ్యారు. మూడో నెలలో నీలం కోట్లకి వారానికి ఆరు రోజుల పని నాలుగు రోజులైంది. పని తగ్గిందా అంటే, బండ్ల మీద గుట్టలు అలాగే వస్తున్నాయి.

ఒక సాయంత్రం ఇంటికి నడిచి వస్తుంటే మరదలు వెనకబడింది. మడతక్క ఆగింది.

"వదినా, ఒకటి అడుగుతా, ఏమీ అనుకోకు" అంది మరదలు. "కాస్త మెల్లగా చెయ్యి."

"ఏం మెల్లగా?"

"మడతలు. మా నలుగురి పని నువ్వొక్కదానివే లాగేస్తున్నావు. సూపర్‌వైజరు రోజూ లెక్క రాసుకుంటున్నాడు. నాకు పిల్ల చదువుంది, తెలుసుగా."

మడతక్క సరేనని తలూపింది.

మర్నాడు బల్ల దగ్గర నిలబడి మెల్లగా చెయ్యడానికి చూసింది. ఒక్కో కొసా కలిపి, ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ కలిపింది. పొద్దుటి పూట గడిచింది. మధ్యాహ్నం ఏదో ఆలోచనలో పడి, తేరుకుని చూసేసరికి పక్కన గుట్ట నడుమెత్తు లేచి ఉంది. రెండోరోజూ అంతే. చేతులు ఆమె మాట వినలేదు. ఎదుటి వరసలోంచి మరదలు ఆ గుట్టని చూసి తల తిప్పుకుంది.

ఆ నెలాఖరుకి నీలం కోట్లలో నలుగురిని వద్దన్నారు. మరదలు వాళ్లలో ఒకతి.

ఇంట్లో పెద్ద గొడవేమీ జరగలేదు. జరిగుంటే బాగుండేది. మరదలు మేడ మెట్లెక్కడం మానేసింది. తమ్ముడు మాత్రం ఒకసారి గది గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండా అన్నాడు. "నీ తప్పని నేననను అక్కా. కానీ దాన్ని చూస్తుంటే నీతో మాట్లాడబుద్ధి కావట్లేదు."

మడతక్క సూపర్‌వైజరు దగ్గరికి వెళ్లింది. ఒకప్పుడు అతను అదే లాండ్రీలో బండి తోసేవాడు. ఆకలేస్తే ఆమె డబ్బాలోంచి తిన్నవాడు.

"మా మరదల్ని తిరిగి తీసుకో. పోనీ నాకే జీతమిచ్చి ఉద్యోగంలో పెట్టుకో, ఆ ఉద్యోగం దానికి వదిలేసి నేను వేరే దారి చూసుకుంటా" అంది.

అతను కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు. "నీ దగ్గర దాపరికమెందుకక్కా" అన్నాడు. "ఊరికే వచ్చే మనుషుల్ని ఆఫీసే పంపుతుంటే జీతమిచ్చి ఎవరు పెట్టుకుంటారు? పైవాళ్లని అడిగితే రేపు నా కోటు రంగు కూడా మారుతుంది."

భృతి ఆఫీసుకి వెళ్లింది. ఆ అమ్మాయి మర్యాదగానే విన్నది. మడతక్క ఇంకెక్కడికైనా పంపమంది. వీధులు ఊడ్చమన్నా ఊడుస్తానంది.

"కారణం రాయాలమ్మా. ఒంట్లో బాగోలేదంటే డాక్టరు కాగితం తేవాలి."

"నేను ఊరికే చెయ్యబట్టి ఇంకొకరి ఉద్యోగం పోయింది. అది రాయి."

అమ్మాయి కంప్యూటర్‌లో కారణాల జాబితా పైనుంచి కింది దాకా చూసింది. "దానికి ఇందులో గడి లేదు" అంది. ఎగతాళికి కాదు. నిజంగానే వెతికి చూసి చెప్పింది.

మర్నాడు మడతక్క పనికి వెళ్లలేదు. పసుపు కోటు ఉతికి, ఆరేసి, ఆఫీసులో ఇచ్చేసి వచ్చింది. ఆమె బల్ల దగ్గర రేడియోని పెట్టారని రెండురోజుల్లో తెలిసింది. ఎవరినీ తిరిగి జీతానికి తీసుకోలేదు.

ఆ మూడు నెలలూ ఎలా గడిచాయో ఆమె ఎవరికీ చెప్పలేదు. పొద్దున్న గంజి, సాయంత్రం ఏదుంటే అది. నాలుగిళ్లకి బట్టలు ఉతకడానికి కుదిరింది కానీ, ఎనిమిది వారాలకి మోకాలు వాచి అదీ పోయింది. తమ్ముడు గిన్నె మెట్ల మీద పెట్టి వెళ్లేవాడు. మొదట్లో ముట్టుకోలేదు. రెండో నెలలో తినేసి, కడిగి, అదే మెట్టు మీద పెట్టడం మొదలుపెట్టింది. ఆ కడిగిన గిన్నె చూసి తమ్ముడు ఏడ్చాడని పక్కింటివాళ్లు చెప్పారు. రేడియో ఒకసారి వెతుక్కుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "నీ చోట్లో నేను..." అని ఆగిపోయాడు. "నువ్వు మానకు. నువ్వు మానేస్తే మళ్లీ తాగుతావు" అని పంపేసింది.

మూడు నెలలయ్యాక పేరు మళ్లీ రాయించుకుంది. ఈసారి బస్సు డిపోలో సీట్లు కడిగే పని ఇచ్చారు. ఒక్కో బస్సుకి ఒక్క మనిషి. మాట్లాడటానికి ఎవరూ ఉండరు. అక్కడ ఇదివరకు జీతానికి కడిగినవాళ్లెవరో, ఇప్పుడెక్కడున్నారో ఆమె అడగలేదు. అడిగి తెలుసుకుని భరించే ఓపిక ఆమెలో మిగల్లేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం మరదలు మెట్లెక్కి వచ్చింది. ఆర్నెల్ల తర్వాత ఆమె పైకి రావడం అదే మొదటిసారి. పై మెట్టు మీద కూర్చుంది. బాగా చిక్కిపోయింది.

"నాకూ భృతి రాశారు వదినా. రేపటి నుంచి పనికి రమ్మన్నారు."

"ఎక్కడికి?"

"లాండ్రీకే."

మడతక్క వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

"నువ్వు మానేస్తే నా ఉద్యోగం నాకొస్తుందనుకున్నావా?" అడిగింది మరదలు.

"అనుకోలేదు."

"మరెందుకు మానేశావు? అన్నం లేక చచ్చేదానివి."

"నీ చోట నిలబడి చెయ్యబుద్ధి కాలేదే."

మరదలు కింద వాకిట్లో ఆరేసిన బట్టల వైపు చూస్తూ అంది. "నేను నిలబడతా వదినా. నీలం కోటులో ఇంకా ఇద్దరున్నారు. నేను వెళ్తే వాళ్లలో ఎవరో ఒకరు పోతారు. తెలిసే వెళ్తున్నా."

"వెళ్లు."

"తప్పు కదూ?"

ఒకప్పుడైతే ఇలాంటివాటికి మడతక్క దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది, టీ గ్లాసు పక్కన పెట్టి మరీ చెప్పేది. ఇప్పుడు మరదలి జుట్టులో పడ్డ నూలు పోగు ఒకటి తీసి పారేసింది.

"నాకు తెలీదమ్మాయ్" అంది. "పొద్దున్న ఏమైనా తిని వెళ్లు. ఆ ఆవిరికి ఉత్త కడుపుతో కళ్లు తిరుగుతాయి."