అందించని చరణం

సంతాప సభలో నాటక సమాజం దర్శకుడుగారు మైకు పట్టుకుని, "ఆమె మునివేళ్ళతో మన ముఖాలు తడిమి మనల్ని గుర్తుపట్టేది" అన్నాడు. జనం కళ్ళొత్తుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మా అక్క పుట్టుగుడ్డిది. యాభై ఎనిమిదేళ్ళు బతికింది. ఏనాడూ ఎవరి ముఖమూ తడమలేదు.

పగలు ఆసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరు. సాయంత్రాలు నాటక సమాజంలో ప్రాంప్టరు. పక్క తెర చాటున చెక్క స్టూలు మీద కూర్చుని, నటులు మాట మరిచిపోతే అందించేది. కొత్త నాటకం రాగానే నేను మూడుసార్లు చదివి వినిపించేవాణ్ణి. నాలుగోసారి నేను తప్పు చదివితే తిట్టేది. పాటలంటే పిచ్చి. మంచి పాటలున్న సినిమా వస్తే స్పీకరుకు దగ్గరగా సీటు చూసుకుని నాలుగైదుసార్లు వెళ్ళేది. "సినిమా చూసొచ్చాను" అనేది.

"చూశావా, విన్నావా?" అని పక్కింటావిడ వేళాకోళం ఆడితే, "నువ్వు చూశావుగా తల్లీ, కథ చెప్పు" అని నోరు మూయించేది.

అలాంటి మనిషికి, నలభయ్యో ఏట, గుడ్డి నాయిక ఉన్న సంగీత నాటకం వేస్తున్నారని తెలిసేసరికి కాలు నిలవలేదు. రిహార్సల్‌కి నన్నూ లాక్కుపోయింది. "ఆ అమ్మాయి ఏం చేస్తోందో చెప్పరా" అని మోచేత్తో పొడిచింది.

చెప్పాను. రెండు చేతులూ ముందుకు చాచి నడుస్తోంది. కుర్చీ తగిలి పడింది. చూపంతా పైకప్పు మీదే. ఇప్పుడు పాడుతూ హీరో ముఖం తడుముతోంది.

"ఎందుకూ?"

"ఎలాంటివాడో తెలుసుకోవడానికట."

అక్క లేచి నేరుగా దర్శకుడి గొంతు వినబడేవైపు నడిచింది. "ఏమండీ, ముక్కు పట్టుకుంటే మనిషి ఎలాంటివాడో తెలుస్తుందా? రెండు మాటలు మాట్లాడితే సరిపోదూ?"

"గుడ్డిదని జనానికి తెలియాలి కదమ్మా."

"మొదటి రంగంలోనే వాళ్ళమ్మ చెప్పుకుని ఏడ్చిందిగా!"

"చెబితే చాలదు, కనబడాలి."

"రోజూ మీ మెట్లెక్కి వస్తున్నాను. ఒక్కసారైనా పడ్డానా?"

"అదేనమ్మా చిక్కు," అన్నాడాయన ఎంతో ఓపికగా. "మీరు అసలు గుడ్డివాళ్ళలా ఉండరు."

అక్క నన్ను లాక్కుని ఇంటికి బయల్దేరింది. ఇంటి తాళం తీస్తూ, "నలభై ఏళ్ళుగా కడుతున్నానురా ఈ వేషం. నాకే చేతకాదట" అంది.

మొదటి ప్రదర్శన ఆదివారం మధ్యాహ్నం. హాలు కిక్కిరిసింది. నేను అక్క స్టూలు పక్కనే నిలబడ్డాను. రెండో అంకంలో ఆ పాట. పల్లవి, ఒక చరణం అయ్యాయి. నాయిక చేతులెత్తి హీరో చెంపల దాకా తెచ్చి, మాట మరిచిపోయింది. వాద్యాలవాళ్ళు వాయించిందే తిప్పి తిప్పి వాయిస్తున్నారు. గుడ్డి నాయిక బెదురుచూపులతో మా వైపు చూసింది.

ముఖం తడిమే ఆ చరణం అక్కకి నోటికొచ్చు. అందించలేదు. దాని తర్వాతి చరణం అందించింది. అందులో నాయిక హీరోతో పోట్లాడుతుంది. ఆ పిల్ల అందుకుంది. గాలిలో ఆగిన చేతులు దిగి నడుం మీదికి వెళ్ళాయి. కొట్లాడుతూ పాడింది. చప్పట్లు మోగిపోయాయి. అక్క చీకట్లో పెదాలు కదుపుతూ తనూ పాడింది.

తెర పడగానే దర్శకుడు ఊగిపోతూ వచ్చాడు. "చరణం ఎగరగొట్టారేంటమ్మా?"

"పుస్తకం సరిగ్గా కనబడలేదండీ" అంది అక్క.

మర్నాటికి ఆ స్టూలు మీద ఇంకొకరున్నారు. పద్దెనిమిదేళ్ళు కూర్చున్న చోటు! "పాపం, చూపు లేదుగా, ఇబ్బంది పడుతోంది" అని అందరికీ చెప్పుకున్నాడు ఆ పెద్దమనిషి. ఆ తర్వాత ప్రదర్శనల్లో నాయిక తనివితీరా ముఖం తడిమింది, జనం తనివితీరా ఏడ్చారు. అక్క మళ్ళీ ఆ మెట్లెక్కలేదు. ఇప్పుడు పోయాక, ఆ వేషాన్నే తెచ్చి మా అక్కకి తొడుగుతున్నారు.

అందుకే ఇది రాస్తున్నాను. ఆమె చెయ్యి నా ముఖానికి తగిలింది ఒకే ఒక్కసారి. చిన్నప్పుడు, గది మధ్యకి కుర్చీ జరిపి, పడుతుందేమో చూద్దామని నవ్వుతూ నిలబడ్డాను. పడలేదు. కుర్చీ పక్కకి నెట్టి, నా నవ్వు వినబడినవైపు వచ్చి చెంప మీద ఒక్కటిచ్చింది.

గురి తప్పలేదు.