కవరు నిండా ఆయనే

నిన్న మా అబ్బాయి ఇంటినుంచి క్రిస్మస్ కార్డు వచ్చింది. అందరూ ఒకే రంగు స్వెట్టర్లు వేసుకుని నవ్వుతున్న ఫొటో, దాని కింద బంగారు అక్షరాల్లో మా వారి పేరు, చివర కుటుంబమంతటికీ కలిపి ఇంగ్లీషు బహువచనం ‘ఎస్’ తోక తగిలించి. ఆయన్ను కంటితో చూసి ఎరగని కోడలూ మనవలూ అందరూ కలిసి ఆయన పేరే అయి కూర్చున్నారు.

మనకు ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత కదా. డెబ్బైల చివర్లో మేము అమెరికాలోని పార్సిప్పనీ ఊళ్లో అపార్ట్‌మెంటులో దిగేసరికి చివర ఉన్నదే ఇంటిపేరని ఈ దేశం తీర్మానించేసింది. అలా తరతరాల ఇంటిపేరు ఓ మూలకు పోయి, ఆయన సొంత పేరు నాకూ పిల్లవాడికీ ఇంటిపేరైంది. నా ఈడువాళ్లకు ఇది కొత్తేం కాదు గానీ, చిక్కల్లా నాకే వచ్చింది. మా ఇళ్లలో ఆడవాళ్లు భర్త పేరు నోటితో అనడం ఎరగరు. "ఏమండీ"తోనే సంసారం గడిచిపోయేది. కౌంటర్ల దగ్గర పేరడిగితే మాట్లాడకుండా గ్రీన్‌కార్డు తీసి చూపించేదాన్ని.

మొదటి డిసెంబరులో ఎదురింటి పెద్దావిడ, అమెరికన్ ముసలమ్మ, కార్డు తెచ్చిచ్చింది. కవరు మీద ఆయన పేరు బహువచనంలో ఉంది. ఆయన పడీపడీ నవ్వి, "ఒక్కణ్ణే భరించలేనంటావుగా, ఇప్పుడెంతమందిమి అయ్యామో చూశావా?" అన్నారు. తిరుగు కార్డులన్నీ నేనే రాసేదాన్ని. శుభాకాంక్షలూ చిరునామాలూ పూర్తిచేసి, కింద ఆ పేరు దగ్గరికి వచ్చేసరికి కలం ఆయన చేతికిచ్చేదాన్ని. పలకని పేరు రాయడం మాత్రం ఎలా? నా చాదస్తానికి విసుక్కుంటూనే, ఆ చివరి తోకను నన్ను ఉడికించడానికని ఇంత పొడుగ్గా సాగదీసేవారు.

ఒక అక్టోబరులో ఆఫీసుకు వెళ్లిన మనిషి పార్కింగ్ లాట్‌లో, కారు పక్కనే కుప్పకూలిపోయారు.

ఆ డిసెంబరులో పెద్దావిడ ఖాళీ కవరు పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. ఈసారి ఏమని రాయను, నీ పేరొక్కటే రాయనా అని మెల్లగా అడిగింది. మంచి మనసుతోనే అడిగింది పాపం. కానీ నా పేరొక్కటే రాస్తే ఆ కవరు మీదనుంచి కూడా ఆయన వెళ్లిపోతారనిపించింది. జన్మలో మొదటిసారి ఆయన పేరు పైకి అన్నాను, తోకతో సహా. ఆవిడ బతికున్నన్నాళ్లూ అలాగే రాసింది. కవరు మీద అంతమందిగా ఉన్న మనిషి, ఏ గదిలోకి వెళ్లి చూసినా లేరు.

ఇప్పటి అమ్మాయిలు మొగుణ్ణి పేరు పెట్టి మేడమీదికి వినపడేలా కేకేస్తుంటే ముచ్చటేస్తుంది, కొంచెం ఈర్ష్య కూడా. కార్డులు కూడా పేర్లతో సహా అచ్చయే వస్తున్నాయి. కలం అందించే పనీ లేదు, అందుకునే చెయ్యీ లేదు. డాక్టరు ఆఫీసులో నర్సు తలుపు తీసి ఆయన పేరు పిలుస్తుంది. ఇన్నేళ్లయినా ముందు ఆయన లేస్తారేమోనని చుట్టూ చూస్తాను. తర్వాత నేను లేచి వెళతాను.