గాలి కదిపింది, ఎండ వెలిగించింది

మా సార్ పోయారన్న కబురు నాకు ఆళ్లగడ్డ బస్టాండులో తెలిసింది. నంద్యాల బస్సు కోసం నిలబడి ఉంటే, కాలేజీలో నాతో పనిచేసే లెక్చరర్ ఫోన్ చేసి చెప్పాడు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆయనకు చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గర సిద్ధంగా ఉంది. అది వినకుండానే వెళ్లిపోయారు. నంద్యాల బస్సు వదిలేసి, సార్ సొంతూరు దొర్నిపాడు బస్సెక్కాను.

చచ్చినవాడి కళ్లు చారెడంటారు. మా సార్ కళ్లు చిన్నవే. డిగ్రీలో మాకు ఫిజిక్సు చెప్పినన్నాళ్లూ ఆ చిన్న కళ్లతోనే తప్పులు ఏరేవారు. ఆయన క్లాసులో ‘తెలుసు’ అనకూడదు. "అనుకుంటాండా అను. రేపు మార్చుకోను దారుంటాది" అనేవారు. సాయంత్రం బండి దగ్గర బజ్జీ బాగుందా అని ఆయన అడిగితే, బాగుందనుకుంటాండాం సార్ అని మేం ఆటపట్టించేవాళ్లం. ఆయన నవ్వకుండా తలూపి, బొరుగులు నములుతూ కూర్చునేవారు.

ఇనుప సామాన్ల అంగడి వాళ్ల పిల్లకు చుక్కలతో ఏం పనని మా నాయన మొండికేస్తే, ఇంటికొచ్చి ఒప్పించి నన్ను పరిశోధనకు పంపింది సారే. ఆ మేలు కాదనను.

నా పరిశోధన ప్రశ్న కూడా ఆయన ఇచ్చిందే. ఒక సాయంత్రం దొర్నిపాడులో వాళ్ల కళ్లంలో శనగలు తూర్పారబడుతున్నారు. పొట్టు గాలివాటున తోకలాగా సాగి, మెరుస్తూ పోతోంది. అది ఎందుకు వెలుగుతాందో చెప్పమని నన్నడిగారు. నేను నోరు తెరిచేలోపే గెలాక్సీల సంగతి ఎత్తుకున్నారు. కొన్ని గెలాక్సీల నడుమ పెద్ద కృష్ణబిలం ఉంటుంది. అందులో పడబోయే వాయువు కాగి, భయంకరంగా వెలుగుతుంది. కొన్నిచోట్ల అక్కడి నుంచి రెండు వైపులా జెట్లు, అంటే సన్నటి ధారలు, ఇంచుమించు కాంతి వేగంతో చిమ్ముకొస్తాయి. చుట్టూ ఉన్న వాయువును గుద్ది తోసేస్తాయి. ఆ వాయువు మబ్బుల్లా వెలుగుతూ మనకు కనిపిస్తుంది. దాన్ని వెలిగించేది ఎవరు, గుద్దిన జెట్టా, నడుమ నుంచి వచ్చే కాంతా? అదీ ప్రశ్న. పొట్టు గురించి నేను జవాబు చెప్పనేలేదు, ఆయనా మళ్లీ అడగలేదు.

ఏళ్ల తరబడి నేను ఒకే గెలాక్సీ పట్టుకుని వేలాడాను. మబ్బులు జెట్టు దారి వెంబడే వెలుగుతున్నాయి కాబట్టి వెలిగించింది జెట్టే అని రాశాను. రాసిందంతా సార్‌కు చూపించాను. పూర్తిగా చదివి, బాగా రాసినావమ్మా అన్నారు.

తర్వాత నంద్యాలలో సెమినార్. హాలు నిండా మా కాలేజీ పిల్లలు, ముందు వరసలో ఇస్త్రీ చొక్కా వేసుకుని మా నాయన. చివర్లో నేను, ఇది అనుకోవడం కాదు, తెలిసిన సంగతే అన్నాను. వెనక వరసలో సార్ లేచారు.

"గాలి కదిపింది, ఎండ వెలిగించింది. పొట్టును చూసినావు గానీ పొద్దును చూడలేదమ్మా."

ఆ మబ్బులు అంత వేగంగా కదలడానికి కారణం జెట్టే, కానీ వాటి రంగుల లెక్క మాత్రం నడిమి కాంతినే చూపిస్తోందని, నా పటాల మీదే వేలు పెట్టి చూపించారు. ఆయన చెప్పింది నిజం. అందుకే ఎక్కువ మండింది. మా నాయన తల వంచుకుని చెప్పుల వైపు చూస్తున్నాడు.

ముందే ఎందుకు చెప్పలేదని వరండాలో నిలదీశాను.

"నీకే తడుతుందని కాసుకోనుంటినమ్మా" అన్నారు.

నమ్మి చేతికిచ్చినదాంట్లో తప్పు చూసి కూడా దాచి, నలుగురిలో నా మొహాన కొట్టిన మనిషితో ఏం మాట్లాడను? మానేశాను. అది తప్పని ఇప్పటికీ అనుకోను.

కానీ పని మానలేదు. అదే గెలాక్సీలో అన్నిటికన్నా దూరంగా ఉన్న మబ్బును మళ్లీ చూశాను. నడిమి కాంతి అక్కడికి అందేసరికి బాగా పలచబడిపోతుంది. అయినా అది వెలుగుతోంది, రంగులు చూస్తే దెబ్బ తగిలి కాగిన వాయువువే. దగ్గరి మబ్బులను వెలిగించింది కాంతి, దూరపు మబ్బును వెలిగించింది జెట్టు. అదే హాలు అడిగి పెట్టుకున్నాను. సార్‌ను ముందు వరసలో కూర్చోబెట్టి చెప్పాలని ఒక్కో మాటా పదును పెట్టుకున్నాను.

దొర్నిపాడులో వాళ్లింట్లో సార్ భార్య నా చేయి పట్టుకున్నారు. చాన్నాళ్లుగా జబ్బేనంట. కాలేజీలో అందరికీ తెలుసంట.

"నీకు చెప్తామంటే వద్దన్నాడమ్మా. పని ఇడిచిపెట్టి పరిగెత్తుకోని వస్తావని."

మళ్లీ అదే. తనకు తెలిసింది నాకు చెప్పకుండా దాచడం. ఈసారి వరండాలో నిలదీయడానికి కూడా మనిషి లేరు.

సార్ తలాపున మట్టి పిడతలో నిప్పులు పోసి సాంబ్రాణి వేశారు. వాకిట్లో నుంచి పడే ఎండలోకి పొగ వచ్చినంతమేరా తెల్లగా వెలుగుతోంది. పిడతలో నిప్పులు మాత్రం బూడిద కమ్ముకుని ఆరిపోయేట్టున్నాయి. ఒక ముసలామె వంగి ఊదింది. ఊపిరి తగిలినచోట బొగ్గు ఎర్రబడింది.

"ఎండా, గాలీ, రెండూ ఉన్నాయి సార్" అన్నాను.

తెలుసా, అనుకుంటాండావా అని ఆయన అడగలేదు. ముసలామె మళ్లీ ఊదింది.