పడవ కింది పెట్టెలు

మా నాన్న సికింద్రాబాదులో ట్రంకు పెట్టెలు చేసేవాడు. బదిలీల మీద వెళ్ళే మిలిటరీ వాళ్ళే ఆయనకు గిరాకీ. పెట్టె మీద తెల్లరంగుతో పేరు, హోదా రాయడం నా పని. దుకాణం నుంచి ఏ పెట్టే ఖాళీగా వెళ్ళకూడదని నాన్న పట్టు. మూత వేసే ముందు గుప్పెడు బియ్యం పోసేవాడు.

"ఏందయ్య, పెట్టెతోని ఎలుకలను సుత పంపుతున్నవా?" అని అమ్మ దెప్పేది.

తర్వాత చక్రాల సూట్‌కేసులొచ్చాయి. ట్రంకు మోయడానికి మిలిటరీ చేతులు కూడా నొప్పి పుట్టాయి. మౌలాలిలో మా మేనమామ కార్ఖానాకు కాపలా మనిషి కావాలని అమ్మ రోజూ గుర్తుచేసేది. అలాంటప్పుడు సైనిక్‌పురి నుంచి ఒక రిటైరైన ఆఫీసరు వచ్చాడు. ఆయనకు హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవ ఉంది. దాన్ని విశాఖలో పోటీలకు తీసుకెళ్ళే ట్రాలీకి, తాళ్ళు, తెరచాపలు పెట్టుకోవడానికి రెండు పక్కలా రేకు పెట్టెలు కావాలన్నాడు.

"ఇవి మంచిగ కుదిరితే దుకాణం నడుపుతా. లేకుంటే నీ తమ్ముని కార్ఖానాకే పోత," అన్నాడు నాన్న అమ్మతో.

పడవ నీళ్ళలో ఉండగానే ఆఫీసరు ఇంటికెళ్ళి ట్రాలీ కొలిచాం. పెట్టెలు చేసి, తీసుకెళ్ళి బిగించాం. మూతలు చక్కగా లేచాయి. ఇల్లలకగానే పండగా? మర్నాడు పడవ వచ్చి ట్రాలీ ఎక్కింది. మూత బెత్తెడు లేచి పడవ పొట్టకు తగిలి ఆగిపోయింది. అంతవరకు నాన్న పెట్టెల మీద ఉండేవి చుట్టిన పరుపులు. వాటిని ఎవరైనా తీసి పక్కన పెట్టేవాళ్ళు.

"పర్వాలేదులే, పడవ దించి తీసుకుంటాం," అన్నాడు ఆఫీసరు.

"పెట్టె తెరవనీకి పడవ దించుతరా? గదేం పెట్టె సార్?" అన్నాడు నాన్న.

ఆఫీసరు మీద నాకు కోపమొచ్చింది. పాపం, ఆయన చేసిన తప్పేమీ లేదు.

సాయంత్రానికి నాన్న మూతలు రెండూ రివిట్లు కొట్టి మూసేశాడు. ముందువైపు రేకు కోసి, కిందికి తెరుచుకునే తలుపులు పెట్టాడు. బ్రహ్మాండంగా కుదిరాయి. ఆఫీసరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి మురిసిపోయాడు. తన స్నేహితుడి ట్రాలీకీ ఇలాంటివే చేయమన్నాడు.

హమ్మయ్య, దుకాణం నిలిచింది అనుకున్నాను. నాన్న చొక్కా జేబులో చెయ్యిపెట్టి గుప్పెడు బియ్యం తీశాడు. పెట్టె ముందు అలాగే నిలబడ్డాడు. అందులో పోస్తే, తలుపు తెరవగానే అన్నీ నేలమీద రాలతాయి. బియ్యం మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

"నేను ట్రంకులు చేసేటోణ్ణి సార్. అల్మారాలు చేసేటోళ్ళు వేరే ఉన్నరు," అన్నాడు.

ఇద్దరం బస్సెక్కి తిరిగొచ్చాం. దుకాణానికి తాళం వేసి నాన్న మౌలాలికి ఒప్పుకున్నాడు. అమ్మ కోరుకున్నదే జరిగింది. కొత్త కొలువుకు వేసుకెళ్ళాలని ఆ చొక్కానే ఉతకబోయి జేబు తిరగేసింది. బియ్యం బండమీద పడ్డాయి. అమ్మ కూర్చుని గింజా గింజా ఏరి, మా ఇంట్లో ఉన్న ట్రంకులో పోసి మూత వేసింది. ఎలుకల మాట ఎత్తలేదు.