సైరన్ వేళకు వేన్నీళ్లు

నేనిప్పుడుండే మాలూరులో ఫ్యాక్టరీ సైరన్ మోగితే ఇప్పటికీ నా చేయి గీజర్ స్విచ్ మీదికి పోతుంది.

మా నాయన కేజీఎఫ్‌లో సర్కారు బంగారు గనిలో పనిచేసేవాడు. రోజూ భూమిలోకి దిగి, సైరన్ మోగాక పైకొచ్చేవాడు. ఆయన స్నానానికి నీళ్లు కాచేది నేనే.

దగ్గుతో పోయిన ఆయన్ని గుంతలోకి దించుతుంటే అందరూ ఏడ్చారు, నాకు మాత్రం నవ్వొచ్చింది. దిగడం ఆయనకు కొత్తా? సాయంత్రం సైరన్ మోగగానే పొయ్యి ముట్టించాను.

“సావింట్లో పొయ్యా? ఎవురికే నీళ్లు?” అంటూ అవ్వ చెయ్యెత్తింది.

“నాయనకే. షిఫ్టు అయిపోయినాది కదవ్వా!”

అమ్మ అడ్డమొచ్చి, “ఉండనీలే అత్తా, ఆయన వచ్చే యేళ” అంది.

ఇద్దరం గుమ్మంలో కూర్చున్నాం. నేనంటే చిన్నదాన్ని, తెలియదు. కానీ నీళ్లు చల్లారుతుంటే లేచి వెళ్లి ఇంకో కట్టె పెట్టింది అమ్మే.