మునెప్పకు ఇద్దరు డాక్టర్లు

1961 జూన్‌లో నన్ను బెంగళూరులో ఒక కార్మికుల బీమా దవాఖానాకు ఇన్సూరెన్స్ మెడికల్ ఆఫీసరుగా వేశారు. హోదా పేరు పొడుగే గాని, ఉన్నదల్లా ఒక బల్ల, ఒక స్టెతస్కోపు, పొద్దున ఎనిమిదికే గేటు దాకా సాగే వరస. మాది హిందూపురం. మిల్లుల చుట్టుపక్కల వీధుల్లో మా వైపు తెలుగే వినిపించేది కాబట్టి భాషతో ఇబ్బంది లేదు. ఇబ్బందంతా నా నోటితోనే. నాకు ముక్కు మీదే కోపం.

ఆ పథకం సంగతి తెలియనివారి కోసం రెండు మాటలు. మిల్లు కార్మికుడి జీతంలో నెలనెలా కొంత పట్టుకునేవారు. అందుకు బదులుగా వైద్యమూ, జబ్బుపడి ఇంట్లో ఉన్న రోజులకు భత్యమూ వచ్చేవి. భత్యం రావాలంటే వారం వారం మా దవాఖానాలో సర్టిఫికెట్టు రాయించుకోవాలి. దాన్ని అక్కడివాళ్ళు రజా చీటీ, అంటే సెలవు చీటీ, అనేవారు. కొన్ని ఊళ్ళలో కార్మికుడు తనకు నచ్చిన డాక్టరును జాబితాలోంచి ఎంచుకునే వీలుండేది. మా దగ్గర అది లేదు. ఇల్లు ఏ వీధిలో ఉంటే ఆ వీధికి కేటాయించిన దవాఖానాకే రావాలి, అక్కడ ఎవడు కూర్చుంటే వాడే డాక్టరు. బయటి డాక్టరు రాసిన కాగితం చెల్లదు.

జనం వింటారా? ప్రతి వీధిలోనూ ఒక ‘మన డాక్టరు’ ఉండేవాడు. తాత కాలం నుంచీ నాడి చూసినవాడు, ఇంటిల్లిపాదినీ పేరు పెట్టి పిలిచేవాడు. నేనెవణ్ణి? నిన్నగాక మొన్న వచ్చినవాణ్ణి. అది నాకు మండేది. చేరిన రెండో నెలలో ఒకతను బయటి డాక్టరు చీటీ తెచ్చి, దాన్ని చూసి రజా రాసివ్వమన్నాడు. రూలు చెప్పి పంపిస్తే సరిపోయేది. నేను వరసలో ఉన్న అందరూ చూస్తుండగా ఆ చీటీని నాలుగు ముక్కలు చేసి, “ఇంకోసారి బయటి డాక్టరు పేరెత్తితే రజా లేదు, ఏమీ లేదు, తెలిసిందా?” అని అరిచాను. అలా అనే అధికారం నాకు లేదు. వరసలో మూడోవాడు మునెప్ప.

మునెప్ప మిల్లులో మగ్గం మీద పనిచేసేవాడు. ముప్పై ఆరేళ్ళుంటాయి. అప్పటికి నెల రోజులుగా దగ్గు, సాయంత్రానికి జ్వరం. ఎక్స్‌రే తీయిస్తే కుడి ఊపిరితిత్తిలో క్షయ కనిపించింది. పెద్దాసుపత్రి స్పెషలిస్టు స్ట్రెప్టోమైసిన్ సూదిమందు రోజుకు ఒక గ్రాము, దాంతోపాటు మాత్రలు రాశారు. సూది మా దవాఖానాలోనే వేయాలి, రిజిస్టరులో రోగి వేలిముద్రో సంతకమో పడాలి. వరసగా వారం సంతకాలుంటేనే నేను రజా చీటీ రాయాలి. ఆ మందుతో ఒక ప్రమాదం ఉంది. ఎక్కువైతే చెవి లోపలి నరాన్ని దెబ్బతీస్తుంది. మొదట తల తిరుగుతుంది, తర్వాత వినికిడి పోతుంది. ఇది ప్రతి డాక్టరుకూ తెలిసిన విషయమే, నాకూ తెలుసు.

అయిదో వారంలో నర్సు మేరమ్మ నా బల్ల దగ్గరికి వచ్చింది. “మునెప్ప దినామూ ఎడం పక్కే వేయమంటాడు సార్. గడ్డ కట్టింది, మారుస్తానంటే కుడి పక్క నొప్పిగా ఉండాదంటాడు. కుడి పక్క నేను ఒక్కసారి కూడా వేయలేదు సార్” అంది. ఎదురుగా నలభై మంది ఉన్నారు. ఎక్కడ వేస్తే ఏం, వేసి పంపమన్నాను. ఆమె మాట ఆ రోజు నా చెవికెక్కి ఉంటే!

తర్వాతి వారం మునెప్ప గోడ పట్టుకుని లోపలికి వచ్చాడు. తల దిమ్ముగా ఉందన్నాడు, చెవుల్లో హోరు అన్నాడు. నాకు అనుమానం రాకపోలేదు. వేరే ఎక్కడైనా మందు తీసుకుంటున్నావా అని అడిగాను. అడిగింది చీటీ చించిన గొంతుతోనే. లేదని అడ్డంగా తల ఊపాడు. ఒక గ్రాముకే ఇంత త్వరగా ఇలా అవుతుందా, నీరసమే అయి ఉంటుందని బలానికి టానిక్ రాశాను.

నాలుగు రోజులకు వీధి కొళాయి దగ్గర పడిపోయాడు. భార్య లక్షుమమ్మ అతన్ని జట్కాలో తీసుకొచ్చింది. నేను ఏం అడిగినా మునెప్ప నా మొహమే చూస్తూ తల ఊపుతున్నాడు. వెనకనుంచి పేరు పెట్టి పిలిచాను, తిరగలేదు.

“ఇంత మందు పడినా బాగుకాలేదే సామీ” అని లక్షుమమ్మ ఏడ్చింది. ఎంత మందు అన్నాను. ఆమె మొగుడి వైపు చూసి, ఇక దాచలేక చెప్పేసింది. “ఈడ వేసేది రజా చీటీకి సామీ. రోగానికి మా డాక్టరు సాయంత్రం కుడి పక్క వేస్తా ఉండాడు. సర్కారు సూది నీళ్ళే కదా, అది ఏం చేస్తాదిలే అనుకుంటిమి.”

ఖాళీ సీసా తెమ్మన్నాను. తెచ్చింది. అదే మందు, అదే గ్రాము.

సూదులు ఆపించి ఆ సాయంత్రమే వాళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. పెద్దాయన, మంచివాడు. సర్కారు దవాఖానాలో సూది వేస్తున్నారా అని ఆయన కూడా అడిగాడట. దగ్గు మందు నీళ్ళు మాత్రమే ఇస్తున్నారని మునెప్ప చెప్పాడట, నిజం చెబితే ఆయన మానేస్తాడేమోనని. ఆయన కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. నాకు ఏడుపు రాలేదు, సిగ్గేసింది.

పై అధికారికి జరిగింది జరిగినట్టు రాశాను, చీటీ చించిన సంగతితో సహా. సంజాయిషీ అడిగారు, ఇచ్చాను, మందలించి వదిలేశారు. మునెప్ప ఊపిరితిత్తి మాత్రం మాత్రలతో మెల్లగా నయమైంది. వినికిడి తిరిగి రాలేదు. అడుగు తూలడం పూర్తిగా పోలేదు. తిరిగే బెల్టుల మధ్య తూలే మనిషిని మిల్లు ఎలా నిలబెడుతుంది? పనికి తగడని కాగితం రాయాల్సింది నేనే. రాశాను.

ఆ కాగితం కోసం మొగుడూ పెళ్ళాలిద్దరూ వచ్చారు. యలహంకలో ఆమె అన్న దగ్గరికి వెళ్ళిపోతున్నామన్నారు. నేను కుర్చీలోంచి లేచి, “తప్పు నాది మునెప్పా, నన్ను క్షమించు” అన్నాను. జీవితంలో ఒక రోగితో ఆ మాట అనడం అదే మొదటిసారి. నా మొహం ఎలా ఉందో ఏమో, అతను బెదిరిపోయి రెండు చేతులూ జోడించాడు.

“లేదు సామీ, ఇంగ యాడికీ పోలేదు. మీ మందే తింటా ఉండా.”

సామి కోప్పడలేదని లక్షుమమ్మ చేత్తో సైగ చేసింది. అతను నమ్మలేదు. దండాలు పెడుతూనే వెనక్కి నడిచాడు.

సర్కారు వైద్యం మేలా, నచ్చిన డాక్టరు మేలా అని రిటైరయ్యాక కూడా నన్ను అడుగుతుంటారు. మునెప్పకు రెండు చోట్లా మంచి మందే దొరికింది. ఈ కేసు వల్ల నేను తెలుసుకున్నది ఇంతే: డాక్టరును ఎంచుకోవద్దని బెదిరిస్తే మనుషులు ఎంచుకోవడం మానరు, మనకు చెప్పడం మానేస్తారు.